చేసుకున్నవారికి చేసుకున్నంత

మూడు నెలలకోసారి కీళ్ళ డాక్టరుగారి దగ్గరికి వెళ్తాను. ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళ మొదళ్ళలోని కణుపుల్ని ఒక్కొక్కటే నొక్కుతారు. నొప్పిగా ఉందా అని అడగరు, నా మొహం చూస్తారు. ఈసారి నొక్కడం అయ్యాక ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి, కుడిచేతి చూపుడువేలి మొదట్లో ఎముక అంచు కొత్తగా కొరుకుడు పడిందని చూపించారు. చెదపురుగు కొరికిన కాగితం అంచులా ఉంది. మందు మోతాదు కొంచెం పెంచుతూ, రాసే కాగితం మీంచి తలెత్తకుండానే అడిగారు: "చేతి ఎక్సర్‌సైజులు చేస్తున్నారా?"

"చేస్తున్నానండీ" అన్నాను.

అబద్ధం. అప్పటికి ఐదు వారాలుగా రబ్బరు పట్టీ అల్మరాలో కర్చీఫుల కింద ఉంది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి తెలుగు పాఠం చెప్పినదాన్ని. హోంవర్కు చెయ్యని పిల్లాడు "చేశాను టీచర్, నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయాను" అన్నప్పుడు వాడి కళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆ వేళ నా కళ్ళు అలాగే ఉండి ఉంటాయి.

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు మా ఆయన అన్నారు: "చెయ్యట్లేదని చెప్పొచ్చుగా. ఆయన మందు పెంచేశారు." నేను మాట్లాడలేదు. ఆకుపచ్చ లైటు పడ్డాక, నాకు వినిపించాలనో వినిపించకూడదనో తెలీని గొంతుతో అన్నారు: "చేసుకున్నవారికి చేసుకున్నంత."

ఆయన చెడ్డవారు కారు. తొమ్మిదేళ్ళుగా నా బాటిల్ మూతలన్నీ తీసేది ఆయనే. ఆ మాట కూడా కోపంలో వచ్చిందే. కానీ ఇంటికొచ్చాక ఆ మాటను పక్కన పెట్టలేకపోయాను. సామెతలతో వచ్చిన చిక్కే ఇది. అనేవాళ్ళు అనేసి మర్చిపోతారు, పడ్డవాళ్ళకి మాత్రం అది తీర్పు.

ఈ మాట మా ఇంట్లో కొత్తది కాదు. మా అమ్మకీ ఇదే జబ్బు. అప్పట్లో తెనాలిలో దాన్ని అందరూ వాతం అనేవారు, ఆయుర్వేదం వైద్యుడు ఆమవాతం అన్నాడు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్న పేరు 1859లోనే గారడ్ అనే ఇంగ్లీషు వైద్యుడు పెట్టినా, ఆ పేరు మా వీధి దాకా రావడానికి నూటపాతికేళ్ళు పట్టింది. అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే చిటికెనవేలి వైపుకి ఒరిగిపోయాయి, గాలికి ఒకే పక్కకి వంగిన వరిచేనులాగా. పెళ్ళినాటి ఉంగరం కణుపు దాటి రాకపోతే కంసాలిని ఇంటికి పిలిపించి కోయించారు. చూడటానికి వచ్చిన చుట్టాలు కాఫీ తాగి, వెళ్ళేముందు గడప దగ్గర ఆగి, "ఏ జన్మలో ఏం చేసుకుందో తల్లి" అని వెళ్ళేవారు. అమ్మ కూడా అదే అనుకునేది. చిన్నప్పుడు ఎవరి చేతి మీదో వాత పెట్టిందేమోనని, పిల్లిని కొట్టిందేమోనని గుర్తు చేసుకునేది. నొప్పికి తోడు ఈ వెతుకులాట ఒకటి.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి ఇలాంటి మాటలు నమ్మను. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి కీళ్ళ లోపలి పొర మీద పడుతుందనీ, అందులో ఎవరి పాపమూ లేదనీ, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండుమూడు రెట్లు ఎక్కువగా వస్తుందనీ తెలుసు. పూర్వజన్మని ఇంట్లోంచి పంపేశాననే అనుకున్నాను. ఆ రోజు సిగ్నల్ దగ్గర చూస్తే అది వెనక సీట్లోనే కూర్చుని ఉంది. కాకపోతే లెక్క మారింది. అమ్మది పోయిన జన్మలో చేసిన పాపం, నాది ఈ జన్మలో చెయ్యని వ్యాయామం.

ఇంతకీ ఆ వ్యాయామాలు ఏమిటో చెప్పాలి. బయటివాళ్ళకి చేతి వ్యాయామం అంటే రబ్బరు బంతి పిసకడమే. నాకు ఇచ్చిన కాగితంలో పదకొండు ఉన్నాయి. ఏడు కీళ్ళు కదలడానికి, నాలుగు బలానికి. వేళ్ళు నిటారుగా ఉంచి మొదళ్ళ దగ్గర మాత్రమే వంచాలి, చెయ్యి చిన్న పెంకుటింటి కప్పులా అవుతుంది. తర్వాత కొక్కెంలా వంచాలి, ఆ తర్వాత పూర్తి పిడికిలి. అరచెయ్యి బల్ల మీద పెట్టి ఒక్కో వేలినీ బొటనవేలి వైపుకి నడిపించాలి. జబ్బు ఏ పక్కకి లాగుతుందో దానికి ఎదురు నడక అన్నమాట. వేళ్ళు వెడల్పుగా చాచి దగ్గరికి తేవాలి. మణికట్టు గుండ్రంగా తిప్పాలి. చెయ్యి తల వెనక్కి ఒకసారి, వీపు వెనక్కి ఒకసారి పెట్టాలి. జడ వేసుకోవడానికీ జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికీ పనికొచ్చేవే ఈ రెండూను. ఇక బలానికి: రబ్బరు పట్టీ అడ్డం పెట్టుకుని మణికట్టు పైకెత్తడం, మెత్తటి ముద్దని గుప్పిట్లో నొక్కడం, వేళ్ళ మధ్య నొక్కడం, బొటనవేలితో గిల్లడం. ముద్దకి నేను చపాతీ పిండి వాడతాను. మంట పెరిగి కీళ్ళు ఎర్రగా వాచిన రోజుల్లో బలానివి మానేసి, కదిలించేవి మాత్రం మెల్లగా చెయ్యాలి. చేశాక రెండు గంటలు దాటినా నొప్పి తగ్గకపోతే ఎక్కువ చేసినట్టు, మర్నాడు తగ్గించుకోవాలి.

అంతా కలిపి ఇరవై నిమిషాలు. టీవీలో ఒక సీరియల్ ప్రకటనలతో సహా అయ్యేలోపు అయిపోతుంది. అందుకే చెయ్యకపోవడానికి నా దగ్గర సాకు లేదు. ధర్మం తెలుసు గానీ చెయ్యబుద్ధి కాదు అని దుర్యోధనుడి పేరు మీద ఒక శ్లోకం చెప్తారు కదా, అది నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. ఆ మాట అన్నవాడి మీద జాలి పడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ముందు మా ఆయన మాటలోని నిజమెంతో చూడాలనుకున్నాను. ఈ పదకొండు వ్యాయామాల మీద ఇంగ్లండులో ఒక పెద్ద పరీక్ష జరిగింది. సారా అని పేరు. 17 చోట్ల 490 మంది రోగుల్ని తీసుకుని, సగంమందికి మామూలు వైద్యం, సగంమందికి మామూలు వైద్యంతో పాటు ఈ వ్యాయామాలు. ఫలితాలు 2015లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. చేతులతో పనులు ఎంత బాగా చేసుకోగలుగుతున్నారో నూటికి మార్కులు వేస్తే, ఏడాది తర్వాత మామూలు వైద్యం వాళ్ళకి మూడున్నర మార్కులు పెరిగాయి, వ్యాయామం వాళ్ళకి దాదాపు ఎనిమిది. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వ్యాయామం వల్ల జబ్బు ముదిరిందీ లేదు. రెండేళ్ళు దాటాక మళ్ళీ చూస్తే రెండు వర్గాల మధ్య తేడా అంతగా మిగల్లేదు. చాలామంది అప్పటికి వ్యాయామం తగ్గించేశారు. ఈ ఆఖరి సంగతి చదివినప్పుడు, నిజం చెప్తున్నాను, కొంచెం సంతోషమేసింది. కర్చీఫుల కింద పట్టీ దాచుకున్నవాళ్ళు ఇంగ్లండులో కూడా ఉన్నారు.

ఈ లెక్కని బట్టి చూస్తే మా ఆయన సామెత సగం తప్పు. వ్యాయామం వల్ల వచ్చే లాభం చేతి పనితనానికి. ఎముకని కొరుకుతున్న మంటని ఆపడం దాని వల్ల కాదు, ఆ పని మందులది. నేను వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌ని ఈ జబ్బుకి వాడొచ్చని అమెరికా ఒప్పుకున్నది 1988లో. అప్పటికి అమ్మ చేతులు ఎటు ఒరగాలో అటు ఒరిగిపోయాయి. నా చేతికీ అమ్మ చేతికీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం పుట్టిన సంవత్సరానిది, నా క్రమశిక్షణది కాదు. మరి చూపుడువేలి మొదట్లో కొరుకుడు నేను చేసుకున్నదీ కాదు, చేసుకోనిదీ కాదు.

ఇక్కడితో ఆపేసి ఆయనకి చూపిస్తే వాదన గెలిచినట్టే. కానీ సగం తప్పు అంటే సగం ఒప్పు కూడా. ఆ నాలుగున్నర మార్కుల తేడా నాది, ఎవరూ నాకోసం సంపాదించి పెట్టలేనిది. మందు మా ఆయన తెచ్చిస్తారు, డాక్టరు రాసిస్తారు. పిడికిలి మాత్రం నేనే బిగించాలి. మరి ఎందుకు బిగించలేదు?

బద్ధకం అని చాలాకాలం అనుకున్నాను. బద్ధకం నాకు కొత్త కాదు, దాని రుచి తెలుసు. ఇది అది కాదు. రోజంతా నేను నా చేతుల్ని చూడకుండానే బతకగలను. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుంటాను, సంచీ మోచేతికి తగిలించుకుంటాను, కుళాయి మణికట్టుతో తిప్పుతాను. అలవాటైపోయాయి, వాటిని జబ్బు అనుకోను. ఆ ఇరవై నిమిషాలు మాత్రం చెయ్యి ఎదురుగా ఉంటుంది. ఉంగరపువేలు నిన్న ఇంతదాకా వచ్చింది, ఇవాళ అంతదాకా రాలేదు. వ్యాయామం రోజూ నన్ను కొలుస్తుంది. పోయినదెంతో చెప్తుంది గానీ పోకుండా ఆగినదెంతో చెప్పదు. వ్యాయామం చెయ్యకపోయి ఉంటే నా చెయ్యి ఎలా ఉండేదో, ఆ రెండో చెయ్యి పక్కన పెట్టి చూపించేవాడు లేడు. సారా పరీక్షలో రెండు గుంపులు ఉన్నాయి. నా దగ్గర ఒక్క జీవితమే ఉంది.

కనపడని లాభం కోసం రోజూ కనపడే నష్టాన్ని చూస్తూ కూర్చోమనడం చిన్న కోరిక కాదు. ఆ కోరిక కోరే హక్కు ఎదుటివాళ్ళకి లేదని నేననను. కోరేటప్పుడు అది ఎంత పెద్దదో తెలిసి ఉండాలంటాను, అంతే.

రెన్వార్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఫ్రెంచి చిత్రకారుడు. యాభయ్యో పడిలో ఈ జబ్బే పట్టుకుంది, 1919లో పోయేదాకా వదల్లేదు. ఆయనకి కుంచె చేతికి కట్టేవారని కథ ప్రచారంలో ఉంది. నిజానికి వంకరపోయిన వేళ్ళ మధ్య కుంచెని ఆయనే పట్టుకునేవాడు. గుడ్డ పేలికలు చర్మం ఒరుసుకుపోకుండా చుట్టినవి. 1915లో తీసిన చిన్న మూకీ ఫిల్ములో ఆ చేతులు కనిపిస్తాయి. చూడండి, కానీ భోజనానికి ముందు వద్దు. సినిమా దర్శకుడైన ఆయన కొడుకు రాసినదాన్ని బట్టి, రెన్వార్ పొద్దున్నే లేచి చిన్న తోలు బంతుల్ని గాల్లో ఎగరేసి పట్టుకుంటూ చేతుల్ని సాధన చేయించేవాడు. వేళ్ళు బంతిని పట్టలేకపోయాక చిన్న కర్రముక్కని ఎగరేసి పట్టేవాడు. ఇలా రోజూ చేసినవాడి చేతులు చివరికి ఎలా ఉన్నాయో ఫిల్ములో చూడొచ్చు. చేసుకున్నవారికి చేసుకున్నంత అనే లెక్క అక్కడ తప్పుతుంది. అంతకంటే శ్రద్ధగా చేసుకున్నవాడు ఎవడుంటాడు? కానీ ఆ ఫిల్ములోనే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆ వేళ్ళతోనే ఆయన బొమ్మ వేస్తున్నాడు.

మనసు గాలిలా నిలవదని అర్జునుడు మొర పెట్టుకుంటే కృష్ణుడు రెండు మందులు చెప్తాడు, అభ్యాసం, వైరాగ్యం. ఈ రెండూ ఒక్క చోట ఎందుకు చెప్పాడా అని క్లాసులో ఎప్పుడూ తొందరగా దాటేసేదాన్ని. ఒకటి గట్టిగా పట్టుకోమనడం, ఒకటి వదిలెయ్యమనడం. పట్టీ చేత్తో పట్టుకుని కూర్చున్నాక కొంచెం అర్థమవుతోంది. వైరాగ్యం లేని అభ్యాసం రోజూ ఉంగరపువేలిని కొలుస్తూ ఏడుస్తుంది. అభ్యాసం లేని వైరాగ్యం పట్టీని కర్చీఫుల కింద పెట్టి, ఎలాగూ పోయేదే కదా అంటుంది. రెండోది నాకు బాగా వచ్చు.

అమ్మ విషయంలో మేం చేసిన తప్పు ఒకటుంది, అది ఈ మధ్యే తెలిసింది. అమ్మ సాయంత్రం పూట మల్లెలు కట్టేది. దారం బొటనవేలి చుట్టూ తిప్పి, నాలుగు పూలు పెట్టి, ముడి. వేళ్ళు వాచాక గంటలో మూర కూడా కట్టలేకపోయేది. చూడలేక నేనూ చెల్లీ బుట్ట లాగేసుకునేవాళ్ళం. "నువ్వు కూర్చోమ్మా, మేం కడతాం." అలాగే రోలు, కవ్వం, ముగ్గు చిప్ప, ఆఖరికి తలదువ్వెన. ఒక్కొక్కటే ప్రేమగా తీసేసుకున్నాం. రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ చేతులకి పనే మిగల్లేదు. ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చునేది, ఎవరివో తనకి దాచమని ఇచ్చినట్టు. కీలు కదపకుండా ఉంచితే ఇంకా బిగుస్తుందని మాకు తెలీదు. తెలిసినా, నొప్పితో పూలు కట్టే అమ్మని చూస్తూ ఊరుకోగలిగేవాళ్ళమా? ఊరుకోవడం కూడా ఒక సేవేనని పదిహేడేళ్ళ పిల్లకి ఎవరు చెప్తారు?

దీనికి సూటి జవాబు వైద్యంలో కూడా లేదు. కీళ్ళని కాపాడుకో అంటారు: బరువులు వేళ్ళతో ఎత్తకు, గట్టిగా గిల్లకు, మెలిపెట్టకు. మళ్ళీ వాళ్ళే, వాడకపోతే పోతుంది, రోజూ బలం పెట్టు అంటారు. రెండూ నిజమే. ఏ పని వదిలెయ్యాలో ఏది పట్టుకోవాలో మాత్రం ఎవరి చెయ్యి వాళ్ళే తేల్చుకోవాలి. నేను తడిబట్టలు పిండడం వదిలేశాను. ముద్ద కలుపుకోవడం వదల్లేదు. చెంచా తెచ్చిపెట్టిన కోడలితో ఒక పూట మాట్లాడలేదు కూడా. పాపం ఆ పిల్ల నేను అమ్మకి చేసిందే నాకు చేసింది.

మా ఇంట్లో బట్టలు పిండేది పనిచేసే అమ్మాయి. నేను పట్టీతో కుస్తీ పడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసి, "నాక్కూడా పొద్దున్నే వేళ్ళు పట్టేస్తన్నాయమ్మా, నాలుగిళ్ళ గిన్నెలు తోమేసరికి అవే వదులుతాయి" అంది నవ్వుతూ. నా వ్యాయామానికి ఇరవై నిమిషాలున్నాయి, కుర్చీ ఉంది, ఒప్పందం కాగితం ఉంది. ఆమెకి వాపుంటే సెలవు కూడా లేదు. పోయిన వారం ఆమెని రక్తపరీక్షకి తీసుకెళ్ళాను. ఆ పరీక్ష ఆమెకి మేలు కోసమా, నా మనసు తేలిక కోసమా అని అడక్కండి.

ఆ ఒప్పందం కాగితం సంగతి చెప్పనేలేదు. థెరపిస్టు అమ్మాయి, నా స్టూడెంట్ల వయసుది, మొదటిరోజే ఒక కాగితం మీద రాయించింది: ఎప్పుడు చేస్తారు, ఎక్కడ చేస్తారు, చేస్తానన్న నమ్మకం పదికి ఎంత. సారా పరీక్షలో కూడా ఇలాగే రాయించి, రోజూ డైరీలో గుర్తు పెట్టమన్నారు. నేను పదికి తొమ్మిది వేసి సంతకం పెట్టాను. ఎవరికి ఇచ్చిన మాట అది? ఆ అమ్మాయికి కాదు, చెయ్యకపోతే ఆమెకి పోయేదేం లేదు. నాకు నేనే ఇచ్చుకున్న మాట అయితే, తప్పినప్పుడు క్షమించేదీ నేనే, చాలా సులువుగా క్షమించేసుకుంటాను. ఆలోచించగా ఆలోచించగా, అది రేపటి ఒక ఆవిడకి ఇచ్చిన మాట అనిపించింది. డెబ్భై ఐదేళ్ళావిడ. ఆవిడకి చీర కుచ్చిళ్ళు తనే పెట్టుకోవాలనుంటుంది. ఆవిడ ఇప్పుడు ఏదీ అడగలేదు. పిల్లల తరఫున తల్లి నిర్ణయించినట్టు నేను ఆవిడ తరఫున నిర్ణయిస్తున్నాను, రోజూ సాయంత్రం, పట్టీ తియ్యనా వద్దా అని. ఆవిడ నన్ను తిట్టుకోవచ్చు. ఆ హక్కు ఆవిడకుంది. సిగ్నల్ దగ్గర ఉన్నవాళ్ళకి ఉందా అన్నది నాకింకా తేలలేదు.

ఇదంతా మా ఆయనకి ఇంత పొడుగ్గా చెప్పలేదు. "నువ్వు లెక్కపెడితే నేను చెయ్యలేను" అని మాత్రం అన్నాను. సాధారణంగా ఆయన్ని మీరు అంటాను. ఆ రోజు నువ్వు అని వచ్చేసింది. ఆయన అది పట్టించుకోలేదో, పట్టించుకుని ఊరుకున్నారో గానీ, మర్నాటి నుంచి సాయంత్రం ఆరున్నరకి నా ఎదురు కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చుంటున్నారు. పొద్దున చదివేసిన పేపరే. లెక్కపెట్టరు, నా చేతుల వైపు చూడరు. లేచి వెళ్ళరు కూడా.

మొన్న మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. కణుపులు నొక్కారు, మొహం చూశారు. ఎక్సర్‌సైజుల సంగతి అడిగారు.

"వారానికి నాలుగు రోజులు. పోయినసారి చేస్తున్నానని అబద్ధం చెప్పానండీ" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. "నాలుగు రోజులా, సరే" అని అదే రాసుకున్నారు. తర్వాత రెండు చేతులూ జోడించి మోచేతులు పైకెత్తమన్నారు. మణికట్లు ఎంత వంగుతున్నాయో చూడటానికి నమస్కారం పెట్టిస్తారు. పెట్టాను. కిందటిసారి అరచేతుల మధ్య నిమ్మకాయ పట్టేంత సందు ఉంది. ఈసారీ ఉంది. నిమ్మకాయ కొంచెం చిన్నదేమో, మా ఆయన్ని అడిగితే అలాగే ఉందన్నారు.